నోట నిలిచిన పాట

సినిమా పాటల మీద వాదం మొదలైతే చాలాసార్లు అది వయసుల వాదంగా తేలిపోతుంది. పెద్దవాళ్లు ఘంటసాలనీ సుశీలనీ ముందుకు తెస్తారు, చిన్నవాళ్లు తమన్‌నీ అనిరుధ్‌నీ తెస్తారు, ఎవరి కాలం వాళ్లకి ముద్దు అనేసి మధ్యలో ఉన్నవాళ్లు లేచిపోతారు. ఆ మాటతో నాకు తృప్తి లేదు. పాత పాటకీ కొత్త పాటకీ తేడా ఉంది, అది చెవికి తెలుస్తూనే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో వెతక్కుండా దానికి అభిరుచి అని పేరు పెట్టి వదిలేస్తే పాటకి అన్యాయం చేసినట్టే. సంగీతం నేర్చుకోని, రాగం పేరు అడిగితే చెప్పలేని, పని చేసుకుంటూ పాట వినే మామూలు శ్రోతని మధ్యలో కూర్చోబెట్టి ఆలోచిస్తే దారి దొరుకుతుందని నా నమ్మకం. అందుకే ఈ వాదాన్ని ఇద్దరి చేత చెప్పిస్తున్నాను. పాత పాట పక్షాన మావయ్య, ఎదురు పక్షాన మేనకోడలు. నా మొగ్గు మేనకోడలి వైపే. అయినా మావయ్య మాటల్లో బలమైనది ఏదీ దాచలేదు. ఆయన్ని బలహీనుణ్ణి చేసి గెలిస్తే అది గెలుపు కాదు.

మావయ్య: నువ్వు కొత్త పాటల్ని ఎందుకు వెనకేసుకొస్తావో నాకు అర్థం కాదమ్మాయ్. 1951లో మల్లీశ్వరి, 1953లో దేవదాసు, 1955లో మిస్సమ్మ, 1957లో మాయాబజార్. ఆరేడేళ్లలో వచ్చిన నాలుగు సినిమాలు. రాసినవాళ్లు కృష్ణశాస్త్రి, సముద్రాల, పింగళి. బాణీలు కట్టినవాళ్లు సాలూరి రాజేశ్వరరావు, సుబ్బరామన్, ఘంటసాల. అరవై, డెబ్బై ఏళ్లు దాటినా ఆ పాటలు పెళ్లి పందిట్లో వినిపిస్తున్నాయి, పోటీల్లో పిల్లలు పాడుతున్నారు, నిద్రపుచ్చేటప్పుడు అమ్మమ్మలు కూనిరాగం తీస్తున్నారు. ఇప్పటి పాట సినిమా విడుదలకి ముందు నెల్లాళ్లు హోరెత్తిపోతుంది, సినిమా ఓటీటీకి వచ్చేసరికి ఎవరికీ గుర్తుండదు. కోట్ల వ్యూస్ అంటారు. వినడం వేరు, ఉంచుకోవడం వేరు. ఉంచుకోదగ్గ పాటలు అప్పుడు పుట్టాయి, ఇప్పుడు పుట్టడం లేదు. నా మాట ఇంతే.

మేనకోడలు: మీరు చెప్పిన నాలుగూ గొప్పవే మావయ్యా, వాటితో నాకు పేచీ లేదు. ఆ నాలుగింటినీ చూపించి కాలమంతటికీ పట్టం కట్టడంతోనే నా పేచీ. ఆ పాటలు పుట్టిన రోజుల్లో పెద్దలు వాటిని ఏమనుకున్నారో ఒక్కసారి చూడండి. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకి మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాట గిట్టదు. అది జనం అభిరుచిని చెడగొడుతుందని ఆయన పట్టుదల. ఆయన హయాంలో ఆకాశవాణి సినిమా పాటకి దాదాపు తలుపు మూసేసింది. శ్రోతలేమో రేడియో సిలోన్‌కి మళ్లిపోయారు. పోయినవాళ్లని వెనక్కి రప్పించుకోవడానికి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది. మీ దేవదాసు, మీ మిస్సమ్మ, మీ మాయాబజార్ సరిగ్గా ఆ తలుపు మూసి ఉన్న ఏళ్లలోనే వచ్చాయి. మీరు ఇవాళ స్వర్ణయుగం అంటున్నదాన్ని ఆనాటి ప్రభుత్వం చవకబారు సరుకు అంది. పాట గొప్పదా కాదా అన్న తీర్పు పాటతో పాటు పుట్టదు, తర్వాత వస్తుంది. రెండో సంగతి, జల్లెడ. 1963లో లవకుశ వచ్చింది. పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైనే. తెలుగువాళ్లు బండ్లు కట్టుకుని వెళ్లి చూసిన సినిమా అది. ఆ ముప్పైలో ఇవాళ మామూలు మనిషి నోట ఎన్ని ఉన్నాయి? నాలుగో, అయిదో. అంత పెద్ద సినిమాలోనే జల్లెడ ఇంత గట్టిగా పట్టిందంటే, అదే ఏడాది వచ్చి ఆడకుండా పోయిన సినిమాల పాటల మాటేమిటి? మీరు జల్లెడలో మిగిలిన పాటల్ని తెచ్చి, ఇంకా జల్లెడ పట్టని కొత్త రాశి పక్కన పెట్టి పోలుస్తున్నారు.

మావయ్య: కేస్కర్ సంగతి పక్కన పెట్టు, అది ఒక మంత్రి మొండితనం. జనం అప్పుడే తేల్చేశారు కాబట్టే సిలోన్ పట్టుకున్నారు. జల్లెడ మాట ఒప్పుకుంటాను, కానీ అది నీకు అనుకున్నంత సాయం చెయ్యదు. రెండు రాశుల్నీ ఒకే జల్లెడలో పోసినా పాత రాశిలో గింజ ఎక్కువ, కొత్త రాశిలో పొట్టు ఎక్కువ. ఎందుకంటే అప్పటి వాళ్లకి పాట అంటే భయం, భక్తి ఉండేవి. ద్వంద్వార్థాలు, కేకలు, కుప్పిగంతులు పాటలోకి వచ్చిన తర్వాత పాట పాటగా మిగల్లేదు.

మేనకోడలు: ఆ గీత ఎక్కడ గీస్తారు మావయ్యా? 1977లో అడవి రాముడు వచ్చింది. అందులో తడిసిన చీర చుట్టూ అల్లిన యుగళగీతం గుర్తుంది కదా, ఆ రోజుల్లో దాన్ని బూతు అని తిట్టని పెద్దమనిషి లేడు. 1980 ఫిబ్రవరిలో శంకరాభరణం వచ్చింది. దాన్ని విని సంగీత సభలకి వెళ్లేవాళ్లు కూడా థియేటర్ల దారి పట్టారు. ఈ రెండు సినిమాలకీ పాటలు రాసింది వేటూరి సుందరరామమూర్తి. రెండింటికీ సంగీతం కె.వి. మహదేవన్. రెండింట్లోనూ గొంతు బాలసుబ్రహ్మణ్యానిది. మధ్యలో మూడేళ్లు గడవలేదు. శంకరాభరణానికి మహదేవన్‌కీ బాలుకీ జాతీయ అవార్డులు వచ్చాయి, బాలుకి అదే మొదటిది. పాటంటే భయభక్తులు ఉన్న మనిషి, లేని మనిషి అని వేరువేరుగా ఉంటే ఈ ముగ్గురినీ ఏ వైపు కూర్చోబెడతారు? ఒకే చెయ్యి రెండూ రాసింది. ఇంకా నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, అడవి రాముడు పాట కూడా పోలేదు. తిట్టినవాళ్లు పోయారు, పాట ఉంది. 1982లో దేవత సినిమాలో గోదారి ఒడ్డున వందల బిందెలు పేర్చి తీసిన పాట ఉంది కదా, అదీ ఆ రోజుల్లో మాస్ పాటే. 2019లో గద్దలకొండ గణేష్‌లో దాన్నే మళ్లీ తెర మీదికి తెచ్చారు, జనం పాత చుట్టాన్ని చూసినట్టు చూశారు. ముప్పై ఏడేళ్లలో మాస్ పాట మధురగీతం అయిపోయింది. పాటలో ఒక్క అక్షరం మారలేదు, మారింది మన చెవి.

మావయ్య: నువ్వు చెప్పిన రెండు మాస్ పాటలూ నా వాదాన్నే బలపరుస్తున్నాయి. అడవి రాముడు పాటలో మాట ఎలాంటిదైనా బాణీ బంగారం. గోదారి పాటలో వేటూరి పదం నదిలాగే వంపులు తిరుగుతుంది. వాటిని నువ్వు వాద్యాలు లేకుండా వంటింట్లో పాడుకోవచ్చు. ఇప్పటి పాటలో అలా పాడుకోవడానికి ఏముంది? డ్రమ్ముల మోత తీసేస్తే మిగిలేది నాలుగు మాటలు. మాటలు కూడా వినపడవు, మోతలో మునిగిపోతాయి. కోపంతో అనడం లేదు, నిజంగా అడుగుతున్నాను, సౌండ్ తీసేస్తే అందులో పాట ఎక్కడుంది?

మేనకోడలు: ఇప్పుడు మీరు అసలు ప్రశ్న అడిగారు. నా వాదమంతా దాని మీదే నిలబడుతుంది. మనకి పాత పాట అనిపించేదానికి కారణం మనుషుల గొప్పతనం ఒక్కటే కాదు, పాటని పట్టుకున్న యంత్రం కూడా. మద్రాసు స్టూడియోల్లో ఆ రోజుల్లో రికార్డింగ్ ఎలా జరిగేదో చూడండి. గాయకులు, వాద్యాల వాళ్లు అందరూ ఒకే గదిలో, ఉన్నవి ఒకటో రెండో మైకులు. ఎవరి ధ్వని ఎంత వినపడాలో మైకు నుంచి ఎంత దూరంలో కూర్చున్నారన్నదాన్ని బట్టే తేలుతుంది. గాయకుడు మైకు ముందు, వేణువు ఆ పక్కన, వయొలిన్లు వెనక, తబలా ఇంకా వెనక. చివరి చరణంలో ఎవరు తప్పు వాయించినా మళ్లీ మొదటి నుంచి పాడాల్సిందే. అలా పట్టిన ధ్వని లక్క రికార్డు మీదికి ఎక్కి, మీడియం వేవ్ గాలిలో ప్రయాణించి, హోటల్లో వాల్వు రేడియోలోంచి బయటికి వచ్చేది. ఆ దారిలో కింది స్థాయి గంభీరమైన మోతలు పోయేవి, పై స్థాయి మెరుపులూ పోయేవి. ఏది పోయినా పోకుండా నిలిచేది నడిమి స్థాయి, అంటే మనిషి గొంతు. అందుకని సంగీత దర్శకుడు తన పాటలో విలువైనదంతా గొంతులో దాచుకోవాల్సి వచ్చింది. బాణీలో, మాటలో, గమకంలో పెట్టాల్సి వచ్చింది. వాద్యాలు తీసేసినా పాట మిగలడానికి కారణం అది. ఇవాళ ధ్వనినే సొంతంగా చెక్కొచ్చు. ఒక్కో వాద్యం ఒక్కో ట్రాకులో, గొంతు పంక్తి పంక్తికీ విడిగా, గుండెల్లో దిగే బేస్ కావాలంటే అదీ ఉంది. అందుకని కొంతమంది పాటలో విలువైనదాన్ని గొంతు బయట పెట్టారు. వాళ్ల పాటని మామూలు మనిషి నోట్లో వేసుకోలేడు, ఫోన్‌లో వినడమే. నా కొలబద్ద ఇదే మావయ్యా. వాద్యాలు లేకుండా, సంగీతం రాని మనిషి, తన శ్రుతిలో, తన అపశ్రుతిలో పాడుకోగలిగే పాట నిలుస్తుంది. పాత పాటల్లో నిలిచినవన్నీ ఈ పరీక్ష నెగ్గినవే. కొత్తవాటిల్లోనూ నెగ్గేవి ఉన్నాయి. కాలం ఏదైనా పరీక్ష ఒకటే.

మావయ్య: అయితే నా మాటే నెగ్గినట్టు. పాత యంత్రం పాటని గొంతులో పెట్టించింది, కొత్త యంత్రం గొంతు బయట పెట్టిస్తోంది అంటున్నావు. అంటే పాత కాలం మంచిదనే కదా! పైగా ఇప్పుడు ఇంకో రోగం వచ్చింది. స్పాటిఫై లాంటి వాటిలో ముప్పై సెకన్లు విన్నాకే ఒకసారి విన్నట్టు లెక్క. ఆ లోపల శ్రోత వేలు పక్క పాట మీదికి పోకూడదు. అందుకని సాకీ లేదు, ఆలాపన లేదు, పల్లవికి ముందు వీణ మీద నాలుగు స్వరాలు లేవు. పాట మొదలవగానే హుక్ లైన్ విసిరెయ్యాలి. రీల్స్‌కి పదిహేను సెకన్ల ముక్క దొరకాలి. చరణం ఎవడికి కావాలి? రెండో చరణం ఉందో లేదో వినేవాడికే తెలియదు.

మేనకోడలు: పాత యంత్రం మంచిది అనడం లేదు, అది ఒక అలవాటుని బలవంతంగా నేర్పింది అంటున్నాను. దానికీ మనం మూల్యం చెల్లించాం. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టదు. పాట పొడుగైతే రికార్డు తిప్పి రెండో వైపు పెట్టుకోవాలి. సినిమా పాట ఇంత పొడుగే ఉండాలని ఏ సంగీత శాస్త్రమూ చెప్పలేదు, లక్క పళ్లెం చెప్పింది. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో రెండు బిట్లు అనే మూస అలా స్థిరపడింది. దాన్ని మనం సంప్రదాయం అన్నాం. ముప్పై సెకన్ల నియమం కూడా అలాంటి పళ్లెమే. అది మొదలుని పదునుగా ఉండమంటుంది. మొదలు పదునుగా ఉండటం మన పాటకి కొత్త కాదు, పల్లవి ఎత్తుగడలోనే పట్టుకోవడం అన్నమయ్య పదానికీ త్యాగయ్య కృతికీ తెలుసు. రెండో చరణం అనాథ అయిపోతోందని మీరన్నది మాత్రం నిజం. అది నాకూ బాధే, దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ఒకటి గమనించండి. ఇవాళ చాలామంది పాట వినేది ఫోన్ స్పీకర్‌లో. అందులో బేస్ పలకదు. మీ వాల్వు రేడియో లాగే అదీ కింది మోతల్ని మింగేసి గొంతునే బయటికి పంపుతుంది. థియేటర్ కోసం కట్టిన మోత అంతా ఫోన్‌లో చచ్చిపోతుంది, గొంతులో దమ్మున్న పాటే బతుకుతుంది. జల్లెడ పోలేదు మావయ్యా, చేతిలోకి వచ్చింది.

మావయ్య: నాటు నాటు మాటేమిటి మరి? ఆస్కార్ వచ్చింది సరే. దాంట్లో గొంతెంత, గంతెంత?

మేనకోడలు: దాన్నే పరీక్షకి పెడదాం. కీరవాణి బాణీ, చంద్రబోస్ మాట, రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ గొంతులు. 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది కాబట్టి గొప్పదని నేననను, పరాయి దేశం వాళ్ల బహుమతి పాటకి కొలత కాదు. దాన్ని విప్పి చూడండి. నడక ఆరు మాత్రలది. మన జానపదుల చిందుల్లో, తిశ్ర గతిలో ఎప్పటి నుంచో ఉన్న నడక. పంక్తులు పొట్టివి. ఒక్కో పంక్తీ పల్లెటూరి నుంచి ఒక పోలిక తెచ్చి, ప్రతిసారీ అదే మాట మీద వాలుతుంది. బాణీ పెద్దగా పైకీ పోదు, కిందికీ పోదు. అంటే గొంతు లేనివాడు కూడా పాడగలడు. డ్రమ్ములన్నీ తీసేసి రెండు చేతులతో చప్పట్లు కొట్టండి, పాట అలాగే నిలబడుతుంది. స్టెప్పు చూసి నచ్చిందనుకుంటాం గానీ, ఆ స్టెప్పు వెయ్యడానికి నోట్లో పాట ఉండాలి, లేకపోతే కాళ్లు కలవవు. పాడుకోవడం అంటే కూర్చుని, కళ్లు మూసుకుని పాడుకోవడమే అని ఎవరన్నారు? నాట్లేసేటప్పుడు పాడింది పాట కాదా? కోలాటంలో పాడింది పాట కాదా? ఘంటసాల భావగీతాన్ని మనం ఒంటరితనంలో ఉంచుకున్నాం, దీన్ని గుంపులో ఉంచుకుంటాం.

మావయ్య: బాగానే చెప్పావు. కానీ భాష? సగం మంది గాయకులకి తెలుగు రాదు. ళకారం లకారమవుతుంది, ఒత్తులు ఎగిరిపోతాయి. సంగీత దర్శకుడు ముందు తననాలతో ట్యూన్ పంపిస్తాడు, కవి ఆ గళ్లలో మాటలు నింపుతాడు. మహదేవన్ పాట రాయించుకుని, మాటని చూసి, ఆ మాట ఎలా పలకాలంటే అలా బాణీ కట్టేవాడు. కవిత్వానికి అప్పుడు ఊపిరి ఉండేది. గళ్లు నింపేవాడు కవి ఎలా అవుతాడమ్మా?

మేనకోడలు: మహదేవన్ పేరు మీరే తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆయన నాగర్‌కోయిల్ దగ్గర పుట్టినవారు, తెలుగువారు కారు. ఆయనకి కుడిభుజంగా ఉన్న పుహళేంది కేరళవారు. శంకరాభరణం పాటల వెనక ఉన్న ఇద్దరూ తెలుగు నేర్చుకుని వచ్చినవాళ్లే. లవకుశలో లవకుశుల గొంతులు ఎవరివి? సుశీల, పి. లీల. లీలది పాలక్కాడ్ దగ్గర చిత్తూరు. తెలుగిళ్లలో రామకథ ఇప్పటికీ సగం మలయాళీ గొంతుతో వినిపిస్తోంది, ఎవరికీ పరాయిగా అనిపించలేదు. వాణీ జయరాం, ఏసుదాసు, చిత్ర, వీళ్లెవరి ఇంటి భాషా తెలుగు కాదు. కాబట్టి జబ్బు పుట్టుకలో లేదు, తీరికలో ఉంది. వాళ్లకి పాట నేర్పేవాళ్లు, అర్థం చెప్పేవాళ్లు, పలికించేవాళ్లు, మళ్లీ పలికించేవాళ్లు. ఇప్పుడు చాలాసార్లు గాయకుడు ఒక ఊళ్లో, సంగీత దర్శకుడు ఇంకో ఊళ్లో. ఫైలు వస్తుంది, పాడి పంపుతారు. శ్రుతి తప్పితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. ఒత్తు తప్పితే సరిచేసే సాఫ్ట్‌వేర్ లేదు. ఈ తొందర వల్ల కొత్త పాటకి నష్టం జరుగుతోందని ఒప్పుకుంటాను. దాన్ని కొత్తదనం పేరు చెప్పి సమర్థించను. ట్యూన్‌కి రాయడం సంగతి వేరు. 1950లో ఆహుతి అనే డబ్బింగ్ సినిమాకి మాటలూ పాటలూ రాసింది శ్రీశ్రీ. డబ్బింగ్ పాట అంటే ట్యూన్ మారదు, పెదవి కదలిక కూడా మారదు, గళ్లలో గళ్లు. గళ్లు నింపినవాడు కవి కాడంటే మహాప్రస్థానం కవిని ముందు బయటికి పంపాలి. 1992లో రోజా తెలుగు పాటలు రాజశ్రీ రాశారు. రహమాన్ ట్యూన్ మీద, అప్పటికే ఉన్న తమిళ పాట మీద. అవి డబ్బింగ్ పాటలని గుర్తుచేసుకుని వినేవాళ్లు ఎంతమంది? ఛందస్సు కూడా ముందుగా గీసిన గళ్లే కదా. గణాలకి రాసిన పోతనని ఎవరూ తక్కువ చెయ్యలేదు.

మావయ్య: పోతనని ఇందులోకి లాక్కురాకు.

మేనకోడలు: సరే, లాక్కురాను. భాష గురించి మీరు అనని మాట ఒకటి చెబుతాను. మీ స్వర్ణయుగంలో ఎవరి తెలుగు పాటయింది? పుస్తకాల తెలుగు, కృష్ణా గోదావరి జిల్లాల తెలుగు. తెలంగాణ నుంచి దాశరథి వచ్చారు, 1962లో గులేబకావళి కథతో నారాయణరెడ్డి వచ్చారు. ఇద్దరూ గొప్ప పాటలు రాశారు, కానీ సినిమా అడిగింది గ్రాంథికపు ఛాయ ఉన్న భాషనే గానీ వాళ్ల ఊరి మాటని కాదు. 1980లో శంకరాభరణం వచ్చిన ఏడాదే మాభూమి కూడా వచ్చింది. బండి యాదగిరి కట్టిన పాటని గద్దర్ అందులో గొంగడి భుజాన వేసుకుని పాడాడు. దానికి ఆర్కెస్ట్రా ఏముంది? గొంతు ఉంది, కోపం ఉంది. ఊరూరా పాకింది. అయినా పెద్ద సినిమా ఆ భాషని చాలా ఏళ్లు దగ్గరికి రానివ్వలేదు. 2017లో ఫిదాలో సుద్దాల అశోక్‌తేజ రాసిన పెళ్లికొడుకు పాట, 2023లో బలగంలో కాసర్ల శ్యామ్ రాసిన ఊరి పాట, వీటిని రెండు రాష్ట్రాల్లోనూ పాడుకున్నారు. బలగం పాటకి జాతీయ అవార్డు కూడా వచ్చింది. కొత్త కాలం పాటకి ఏం చేసిందంటే, అప్పటిదాకా హాస్యగాడి నోట్లోనో విలన్ నోట్లోనో ఉన్న యాసని పల్లవిలో కూర్చోబెట్టింది. ఇది చిన్న విషయం కాదు. పాడుకోగల పాట నిలుస్తుందంటే, తన భాషలో పాట దొరకని మనిషికి పాడుకునే వీలే సగం పోయినట్టు. ఆ లోటు ఇప్పుడు తీరుతోంది.

మావయ్య: అది మంచి మాట, దాన్ని కాదనను. కానీ నీ జల్లెడకి ఒక లోపం ఉందమ్మాయ్. జల్లెడ పట్టడానికి అందరూ ఒకే చాట దగ్గర కూర్చోవాలి. అప్పుడు వీధి మొత్తానికి నాలుగు రేడియోలు, వచ్చేది ఒకటే పాట. ఇష్టం ఉన్నా లేకపోయినా అందరి చెవినా పడేది, పడి పడి నోటికి వచ్చేది. తర్వాత టీవీ వచ్చినా 1996లో బాలు పాడుతా తీయగా మొదలుపెట్టాక ఇంటిల్లిపాదీ కూర్చుని అదే పాట మళ్లీ విన్నారు. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురి చెవుల్లో నాలుగు పాటలు. తండ్రికి వచ్చే పాట కొడుక్కి తెలియదు. పాట ఎంత మంచిదైనా పదిమందికీ ఉమ్మడి కాకపోతే ఎవరు ఎవరితో కలిసి పాడతారు? నోట నిలవడం అనేది ఒక్క నోటితో అయ్యే పని కాదు.

మేనకోడలు: మీరు ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఇదే గట్టిది. నేను పూర్తిగా కొట్టెయ్యలేను. ఇయర్‌ఫోన్ పాటని ఒంటరిని చేసింది, నిజం. కానీ ఉమ్మడిగా వినే చోట్లు పోలేదు, మారాయి. వినాయక నిమజ్జనం, పెళ్లి బరాత్, కాలేజీ వార్షికోత్సవం, బతుకమ్మ. బతుకమ్మనే తీసుకోండి. ప్రతి ఏడూ కొత్త పాటలు వస్తాయి, సినిమాకి సంబంధం లేనివి, యూట్యూబ్‌లో విడుదలయ్యేవి. తొమ్మిది రోజులు ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ పాడితేనే ఆ పాటకి బతుకు. పాడలేని పాట రెండో రోజుకే పోతుంది. ఇంతకన్నా కఠినమైన జల్లెడ ఎక్కడుంది? తెలంగాణ పల్లెల కుర్రాళ్లు సొంతంగా రాసి, పాడి, పొలం గట్ల మీద షూటింగ్ చేసి పెడుతున్న జానపద బాణీలు సినిమా పాటతో సమానంగా బరాతుల్లో మోగుతున్నాయి. మీ తరానికి ఆకాశవాణి ఈ మాసపు పాట, లలిత గీతాలు ఇచ్చింది. సినిమా అవసరం లేకుండా తెలుగు పాట ఉండొచ్చని రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం చూపించారు. ఆ తర్వాత చాలాకాలం తెలుగులో పాటంటే సినిమా పాటే అయిపోయింది. ఇప్పుడు మళ్లీ సినిమా గడప దాటి పాట పుడుతోంది. దాని నాణ్యం గురించి మీరు కొట్లాడవచ్చు, నేనూ కొన్నిటితో కొట్లాడతాను. అది జనం నోటి మీద ఆధారపడి బతుకుతోందన్నది మాత్రం కళ్ల ముందు ఉన్న సంగతి.

మావయ్య: సరే, పరీక్ష నీదే పెట్టుకుందాం. కానీ గడువు నాది. ఇరవై ఏళ్లు. ఇరవై ఏళ్ల తర్వాత వాద్యం లేకుండా పాడుకునేవాడు దొరికితే అప్పుడు నిలిచిందంటాను. ఈ ఏడాది పాటని ఈ ఏడాదే నెత్తిన పెట్టుకోమంటే పెట్టుకోను.

మేనకోడలు: ఆ గడువు పెడితే 2005 కూడా మీ పాత రాశిలోకి వచ్చేస్తుంది. 2004లో ఆనంద్, వేటూరి పాటలు, రాధాకృష్ణన్ బాణీలు. 2005లో చక్రం, చక్రి సంగీతంలో సిరివెన్నెల రాసిన ఏకాకి పాట. సినిమా ఆడలేదు, పాట పోలేదు. ఒంటరిగా ఉన్న ప్రతివాడూ దాన్ని పాడుకుంటూనే ఉన్నాడు.

మావయ్య: చక్రం పాటకి ఎదురు చెప్పను. కానీ అది సిరివెన్నెలది. 1986లో విశ్వనాథ్ సినిమాతో, మహదేవన్ బాణీలతో మొదలై ఆ సినిమా పేరునే ఇంటిపేరు చేసుకున్న మనిషి. ఆయన పాతవాడు.

మేనకోడలు: అల వైకుంఠపురములో కోసం తమన్ ట్యూన్ మీద, సిద్ శ్రీరామ్ పాడిన ప్రేమపాట రాసిందీ ఆయనే, పోవడానికి రెండేళ్ల ముందు. పాతవాడు ఎక్కడ ఆగి కొత్తవాడు ఎక్కడ మొదలయ్యాడో చెప్పండి.

మావయ్య: చెప్పలేను. అయితే నువ్వు చెప్పు. ఈ పదేళ్లలో వచ్చినవాటిలో నా గడువు దాటేది ఏది? పది పేర్లు వద్దు, ఒక్కటి.

మేనకోడలు: అల వైకుంఠపురములో పాటలంటే నాకు ఇష్టమే, అయినా పేరు వాటిది చెప్పను. వాటి అందంలో ఎక్కువ పాలు వాద్యాల అల్లికది, నోట్లో వేసుకుంటే సగం జారిపోతుంది. బలగంలో ఊరి పాట చెబుతాను. ఊళ్లో పొద్దున లేచిన దగ్గర నుంచి కనిపించేవన్నీ వరసపెట్టి చెబుతుంది, బాణీ బతుకమ్మ పాటంత తేలిక, ఊరు వదిలి వెళ్లినవాడికి అది పాడుకోవలసిన అవసరం ఉంటుంది. అవసరం ఉన్న పాటని ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అదే వస్తుంది.

మావయ్య: నేనైతే దాన్ని మాయాబజార్ నౌకావిహారం పక్కన కూర్చోబెట్టను.

మేనకోడలు: కూర్చోబెట్టమనడం లేదు మావయ్యా. ఒక్కసారి గొంతెత్తి పాడి చూడండి చాలు. పల్లవి మీకు వచ్చు, మొన్న విన్నారు కదా.